వలల షెడ్డులో సాక్ష్యం

ద్వారకా నగర్‌లో ఆ లా ఎంట్రన్స్ కోచింగ్ సెంటర్ మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు కూడా ఉంది గానీ అది పనిచేస్తుండగా చూసినవాళ్ళు లేరు. మెట్లెక్కి, ఆయాసపడుతూ వచ్చిన కొత్తవాళ్ళందరికీ ముందు మంచినీళ్ళు, వెంటనే ఓ సలహా ఇచ్చేవాడు సాయిశంకర్. మంచినీళ్ళు సెంటర్ వాళ్ళవి. సలహా మాత్రం అతని సొంతం.

ఏ కాలేజీకి ఫీజెంత, ఏ హాస్టల్లో సాంబారు నీళ్ళగా ఉంటుంది, ఎక్కడ చదివితే ఏసీ గదిలో ఉద్యోగం, ఎక్కడ చదివితే కోర్టు వరండాలో ప్లాస్టిక్ కుర్చీ, అన్నీ అతనికి నోటికొచ్చు. అందరూ అతన్ని 'కౌన్సిలింగ్ శంకర్' అనేవారు. అది పొగడ్త అనుకుని ఏడాది పాటు పొంగిపోయాడు. ఆ ఏడాది ఎంట్రన్స్‌లో ర్యాంకు రాక, అదే సెంటర్లో రెండోసారి చేరినప్పుడు ఆ పేరు ఎందుకు పెట్టారో అర్థమైంది.

కూర్మన్నపాలెంలో ఇంటి దగ్గర పరిస్థితి ఇంకా అన్యాయం. తండ్రి తవిటయ్యకి స్టీల్ ప్లాంటులో పని. షిఫ్టుకి వెళ్ళే ముందు బూట్ల లేసులు కట్టుకుంటూ రోజూ ఒకటే ప్రశ్న.

"ఒరే, ఫీజు సంగతి నాను సూసుకుంతాను. లాయరువై ఏటి సేత్తావో అది సెప్పు."

"కార్పొరేట్ లా నాన్నా."

"అంటే?"

"అంటే, కంపెనీల తరఫున."

"మా కంపెనీ తరఫునా?"

"కాదు నాన్నా. పెద్ద కంపెనీలు."

తవిటయ్య ఒకసారి కిటికీలోంచి ప్లాంటు చిమ్నీల వైపు చూసేవాడు. "దీనికన్నా పెద్దదేట్రా?" అని నిజంగానే ఆశ్చర్యపోయి, క్యారేజీ పట్టుకుని వెళ్ళిపోయేవాడు.

నిజం చెప్పాలంటే సాయిశంకర్ లాయర్ అవుదామనుకోవడానికి ఒకటే కారణం ఉంది. డిగ్రీ కాలేజీ నాటకంలో నల్లకోటు వేసుకుంటే, బాగుందని ఇద్దరు అమ్మాయిలు అన్నారు. అందులో ఒకమ్మాయి కోటు గురించే అంది.

అలాంటి మనిషి దగ్గరికి, మే నెల ఎండలో, మూడంతస్తులూ ఎక్కి సూర్యకళ వచ్చింది. అందరిలా ఆయాసపడలేదు. బ్యాగు భుజాన సర్దుకుని, అతనిచ్చిన మంచినీళ్ళ గ్లాసు అందుకుంది.

"నువ్వు ఫ్యామిలీ లా తీసుకో" అన్నాడు సాయిశంకర్, ఆమె పేరు కూడా అడక్కుండా. "అమ్మాయిలకి సేఫు. ఖర్చు తక్కువ. ఇక్కడే మన యూనివర్సిటీలో చేరిపోవచ్చు."

సూర్యకళ నీళ్ళు తాగడం ఆపింది. ఎవరి మాటైనా వినేటప్పుడు ఆమె రెప్ప వెయ్యదు. ఎదుటివాడికి తను చెప్పేది అబద్ధమేమో అని అనుమానం వచ్చేదాకా అలాగే చూస్తుంది.

"మా ఫ్యామిలీ అంతా సముద్రం మీదే ఉంతాది. దానికి ఏ లా ఉందో సెప్పు."

'తెలీదు' అనే మాట సాయిశంకర్ జన్మలో అనలేదు. ఇప్పుడూ అనలేదు.

"సీ లా" అన్నాడు.

"నాను తెలుగులో అడిగింది ఇంగ్లీషులోకి మార్చావు. అంతేనా?"

"అంటే... అది చెప్పే కాలేజీలు తక్కువ. కనుక్కుని రేపు చెప్తాను."

"మరి నిన్ను కౌన్సిలింగ్ శంకర్ అన్నారేటి కిందన?" ఖాళీ గ్లాసు అతని చేతిలో పెట్టి క్లాసులోకి వెళ్ళిపోయింది. వెనక బెంచీలో దేవీప్రసాద్ నవ్వాపుకోలేక దగ్గడం మొదలుపెట్టాడు. దేవీప్రసాద్ కూడా రెండోసారి చేరినవాడే గనక అతనికి నవ్వే హక్కు లేదు. అయినా నవ్వాడు.

సాయిశంకర్ అవమానం తీర్చుకోవడానికి ఆ వారమంతా కూర్చుని చదివాడు. ఓడల చట్టాలు, రేవుల చట్టాలు, వలల నష్టపరిహారాలు. జీవితంలో మొదటిసారి, పరీక్షకి అవసరం లేని విషయం ఇష్టంగా చదివాడు. అది చట్టం మీద ఇష్టమనుకున్నాడు. రోజూ ఆమె చెయ్యి తలుపు మీద పడగానే వెన్ను నిటారుగా పెట్టి కూర్చునే మనిషి, ఇంకా ఆ ఇష్టం చట్టం మీదే అనుకున్నాడు.

రోజులు గడిచేకొద్దీ క్లాసు అయ్యాక టీ కొట్టు దగ్గర ఆగడం అలవాటైంది. అక్కడే ఒకరోజు ఆమె తన సంగతి చెప్పింది. ఆమెది సముద్రం ఒడ్డున పెదజాలారిపేట. చిన్నప్పుడే తండ్రి చేపల వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. తల్లి చిట్టెమ్మ చేపలమ్మి, మేనమామ దాలయ్య పడవ నడిపి ఆమెను చదివించారు. రెండేళ్ళ కిందట ఏదో ఓడ దాలయ్య వలలు తెంపుకుంటూ పోయింది.

"తెగిన వల ఆటోలో ఏసుకుని మావ తిరగని ఆఫీసు లేదు. అందరూ కూకోబెట్టారు, అందరూ టీ ఇచ్చారు. ఏ కోర్టుకెల్లాలో మాత్రం ఒక్కడూ సెప్పలేదు. ఒక్కడికీ తెలీదు కాబట్టి. అది నాను తెలుసుకుంతాను. నువ్వెందుకు లాయరవుతావు?"

సాయిశంకర్‌కి నాటకంలోని నల్లకోటు గుర్తొచ్చి చెవులు కాలాయి.

"ప్రజాసేవ" అన్నాడు. ఆమె రెప్ప వెయ్యకుండా చూసింది. "కోటు బాగుంటుందని" అని ఒప్పేసుకున్నాడు. సూర్యకళ టీ ఒలికేలా నవ్వింది. తన పరువు తనే తీసుకుంటే ఇంత బాగుంటుందని అతనికి అంతవరకూ తెలీదు.

ఇంకోరోజు ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఉన్నట్టుండి వాన కురిసింది. ఉన్నది ఒకే గొడుగు, అదీ అతనిది. త్యాగమూర్తిలా గొడుగంతా ఆమె మీదికి వంచి తను తడిశాడు. తడిసిన మగాడు అందంగా ఉంటాడని అతనికెవరో చెప్పారు. చెప్పినవాళ్ళకి అతని జుట్టు సంగతి తెలీదు.

"అలగ మింగేసేలా సూస్తన్నావ్, ఏటి ఆలోసిస్తన్నావు?" అంది సూర్యకళ.

ప్రేమిస్తున్నానని చెప్పడానికి అంతకన్నా మంచి సమయం విశాఖపట్నంలో మళ్ళీ రాదు.

"హాస్టల్ ఫీజు గురించి" అన్నాడు సాయిశంకర్, తుమ్ముతూ.

ఫలితాలు వచ్చాయి. ఈసారి సాయిశంకర్‌కీ ర్యాంకు వచ్చింది. విశాఖ యూనివర్సిటీ లా కాలేజీలో సీటు ఖాయం, ఫీజు తక్కువ. సూర్యకళకీ అక్కడే సీటు. మూడేళ్ళు ఒకే క్లాసు, ఒకే క్యాంటీను. ఆ ఆనందంలో అతను తండ్రి బూట్లకి పాలిష్ కూడా చేశాడు.

మర్నాడే తెలిసింది, ఆమెకి ముంబైలో పేరున్న ఒక కాలేజీలో కూడా సీటు వచ్చిందని. ఓడల చట్టం ప్రత్యేకంగా చెప్పే కాలేజీ. ఫీజు కొండంత. సగం మాఫీ చేస్తామన్నారు, మిగతా సగానికి లోను తీసుకోవాలి. దేవీప్రసాద్‌కి కూడా అదే కాలేజీలో సీటు వచ్చింది. అతను సలహా అడిగితే సాయిశంకర్ ఎప్పటిలా బోధ చేశాడు. "లోనంటే భయమేంట్రా? అక్కడ చదివి పేదవాళ్ళ కేసులు చేస్తే, నీ లోను కాలేజీయే కడుతుంది. వెబ్‌సైట్లో ఎక్కడో అడుగున ఉంది. అది వదులుకున్నవాడు వెర్రివాడు."

ఆ మాట సూర్యకళకి మాత్రం చెప్పలేదు. నాలిక చివరిదాకా వచ్చింది. కాంప్లెక్స్‌లో వాన గుర్తొచ్చి వెనక్కి పోయింది.

పెదజాలారిపేటలో ఆ సీటు ఇంట్లో చిచ్చు పెట్టింది. పంపాల్సిందేనని దాలయ్య, అంత అప్పు ఎవడు తీరుస్తాడని చిట్టెమ్మ. అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకోవడం మానేశారు. ఆమె వండిన కూర అతను ముట్టడం లేదు, అతను తెచ్చిన చేప ఆమె అమ్మడం లేదు. అదే సమయానికి బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టింది. పడవలు ఒడ్డెక్కాయి. వేట లేక ఊరి పెద్దలకి కావలసినంత తీరిక. అలాంటి రోజుల్లో అక్కడ ఏ తగువూ ఇంట్లో ఉండదు, తిన్నగా పంచాయితీకి వస్తుంది.

సూర్యకళ ఫోన్ చేసింది. "ఆదివారం పెద్దలు కూకుంతారు. కాలేజీల సంగతి తెలిసినోడిని సాక్షిగా తెత్తానన్నాను. వచ్చి ఉన్నదున్నట్టు సెప్తావా?"

"నేను ఉన్నాను కదా" అన్నాడు సాయిశంకర్. అది మాత్రం నిజమే. ఉన్నదున్నట్టు చెప్పే ఉద్దేశమే లేదు.

ఆదివారం తెల్లచొక్కా, నల్లప్యాంటు వేసుకుని బయలుదేరాడు. వలల షెడ్డు చేరేసరికి చొక్కా ఏ రంగో తెలీకుండా తడిశాడు. రేకుల మీద వాన దరువేస్తోంది. పెద్దమనిషి జగ్గారావు ఐసుపెట్టె మీద కూర్చున్నాడు. చుట్టూ మగవాళ్ళు వలలు అల్లుకుంటూ చెవులిటు పెట్టారు. ఓ మూల ముసలి కాశమ్మ కాళ్ళు చాపుకుంది.

"ఈ లాయరుబాబుని కాసేపు ఎండలో ఆరెయ్యండర్రా" అంది కాశమ్మ.

"ఎండేదప్పా?" అన్నారెవరో.

"అయితే ఇలగే మాటాడమను."

సాయిశంకర్ మాట్లాడాడు. రెండు రోజులు అద్దం ముందు సాధన చేశాడు కాబట్టి చాలా బాగా మాట్లాడాడు.

"పెద్దలందరికీ నమస్కారం. ముంబై కాలేజీ మంచిదే. కానీ లోను? అది తీరాలంటే పెద్ద జీతం కావాలి. పెద్ద జీతం ఎవరిస్తారు? ఓడల కంపెనీలు. అంటే మన సూర్యకళ దాలయ్యగారి వల తెంపిన ఓడ తరఫునే కోర్టులో నిలబడాలి. అదే ఇక్కడ చదివితే అప్పు లేదు, ఎవరికీ లొంగక్కర్లేదు. సాయంత్రానికి ఇంటికొస్తుంది."

షెడ్డులో ఒక్కసారి కలకలం రేగింది. వల అల్లే చేతులు ఆగిపోయాయి. చిట్టెమ్మ కళ్ళు మెరిశాయి. దాలయ్య తల దించుకున్నాడు. ఇంత గొప్పగా వాదించగలనని సాయిశంకర్‌కే తెలీదు. తనకి తనే చప్పట్లు కొట్టుకోవాలనిపించింది.

"సాక్షిని నాను ఒకటి అడగొచ్చా?" అంది సూర్యకళ.

జగ్గారావు తలూపాడు. ఆమె లేచి వచ్చి అతని ఎదురుగా నిలబడింది. రెప్ప వెయ్యలేదు.

"దేవీప్రసాద్‌కి కూడా ఇదే కాలేజీలో సీటు వచ్చింది. అవునా?"

"అవును."

"అతనికేటి సలహా ఇచ్చావు?"

సాయిశంకర్‌కి ఒంటి మీద అన్ని నీళ్ళున్నా గొంతులో చుక్క లేదు.

"వెళ్ళమన్నాను."

"పేదోళ్ళ కేసులు సేస్తే లోను కాలేజీయే కడతాదని సెప్పావా?"

"...చెప్పాను."

"అది నిజమా?"

"నిజమే."

షెడ్డులో గుసగుస మొదలైంది. సూర్యకళ గొంతు కొంచెం వణికింది. కోపం ఒక్కటే అయితే అతను తట్టుకునేవాడు. అందులో బాధ కూడా ఉంది.

"పొద్దున్న దేవీప్రసాద్ ఫోన్ సేస్తే తెలిసింది. నాను నమ్మలేదు. తెలిస్తే శంకర్ నాకు సెప్పడా, అన్నాను. అందరి కన్నా నన్నే తక్కువ సూశావా? అతనికి సెప్పింది నాకెందుకు సెప్పలేదు?"

"అది... నీ ఇంటి పరిస్థితి..."

"నా ఇల్లు నాను సూసుకుంతాను. ఎందుకు సెప్పలేదు?"

తప్పించుకోవడానికి అతని దగ్గర ఇంకా నాలుగు అబద్ధాలున్నాయి. నాలుగూ బాగానే ఉన్నాయి. కానీ ఎదురుగా ఉన్న ఆ ముఖం చూశాక ఒక్కటీ నోటికి రాలేదు.

"నువ్వు ఎల్లిపోతావని" అన్నాడు.

"ఎల్తే?"

"నాను ఇక్కడుంతాను కదా." చెంపల మీద వాననీళ్ళో చెమటో తుడుచుకున్నాడు. "నువ్వంటే నాకిష్టం సూర్యకళా. మొదటి రోజు గ్లాసు సేతిలో పెట్టి ఎల్లిపోయావు సూడు, అప్పట్నుంచి. కాంప్లెక్స్ దగ్గర వానలో సెప్దామనుకున్నాను. హాస్టల్ ఫీజు అన్నాను."

మూలనున్న కాశమ్మ పకపకా నవ్వింది. "ఓలమ్మ! సీటు గొడవనుకున్నాను, ఇది వేరే గొడవ!" దాంతో షెడ్డు మొత్తం గొల్లుమంది. ప్రేమ విషయం చెప్పడానికి ఏకాంతం కావాలంటారు. సాయిశంకర్ మాత్రం ఒక ఊరు ఊరంతటికీ చెప్పేశాడు.

నవ్వనిది ఇద్దరే. సూర్యకళ ఒకరు, జగ్గారావు ఒకరు.

"సూడు బాబూ" అన్నాడు జగ్గారావు. "నీ ఇష్టం పక్కనెట్టి, నిజం సెప్పు. పిల్ల ఎక్కడ సదవాల?"

చెప్పకుండా ఉంటే ఆమె ఉండిపోవచ్చు. చిట్టెమ్మ మాట నెగ్గొచ్చు. ఆ సంగతి అక్కడ అందరికన్నా అతనికే బాగా తెలుసు.

"ముంబైలో" అన్నాడు. "ఇక్కడి కాలేజీ మంచిదే, నాకు సరిపోతాది. ఓడల చట్టం నేర్పేది మాత్రం అక్కడ. వలలు తెగినోళ్ళ కేసులు అక్కడి విద్యార్థులే ఉచితంగా చూస్తారు. సగం ఫీజు లేదు, మిగతా సగం పేదోళ్ళ కేసులు చేస్తే తీరిపోతాది. ఆమె ఎందుకు చదువుతుందో ఆమెకి తెలుసు. మా సెంటర్లో అది తెలిసింది ఆమె ఒక్కర్తికే. అలాంటి మనిషిని ఇక్కడ ఆపితే వల మళ్ళీ తెగుద్ది, మళ్ళీ ఏ కోర్టుకెల్లాలో ఎవరికీ తెలీదు."

చెప్పడం అయ్యాక తెలిసింది, ఇది అద్దం ముందు సాధన చెయ్యలేదని.

చిట్టెమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. దాలయ్య కంగారుగా లేచాడు. "ఏటైందే?"

"నాదీ ఆ బాబు బాదే అన్నా" అంది చిట్టెమ్మ, ఏడుస్తూ. "అప్పు అని పైకి అన్నాను గాని, అప్పుకేటి బయం. దాని నాన్న ఎల్లినోడు రానేదు. ఇది రైలెక్కితే ఇంట్లో నానొక్కర్తినే. అది సెప్పడానికి నోరు రాక ఫీజని దెబ్బలాడేను."

దాలయ్య చెల్లెలి పక్కన చతికిలబడ్డాడు. ఇన్నాళ్ళకి మొదటిసారి ఆమె చెయ్యి పట్టుకుని, "ఒక్కదానివేటే, నాను సచ్చేనా?" అని కసిరాడు. సూర్యకళ వచ్చి తల్లిని పొదువుకుంది.

జగ్గారావు గొంతు సవరించుకుని తీర్పు చెప్పాడు. పిల్ల ముంబై వెళ్తుంది. పిల్ల లేని లోటు దాలయ్య చూసుకోవాలి. ఇక సాక్షి. పంచాయితీలో అబద్ధం ఆడినవాడికి తప్పు, అంటే జరిమానా, వెయ్యడం ఆ ఊరి కట్టుబాటు.

"డబ్బు కట్టించను. పెద్దవల లాగడానికి ప్రతీ ఆదివారం ఒడ్డుకి రావాల. పిల్ల తిరిగొచ్చేదాకా."

"మూడేళ్ళా?" అన్నాడు సాయిశంకర్.

"తక్కువైందా బాబూ?" అంది కాశమ్మ.

షెడ్డు ఖాళీ అయ్యాక, వాన తెరపిచ్చాక, ఇద్దరూ ఒడ్డున పడవల పక్కన నిలబడ్డారు. అలలు ఒకదాని వెనక ఒకటి ఒడ్డుని కొడుతున్నాయి. సాయిశంకర్ తన బూట్లు చూసుకుంటున్నాడు.

"నా మీద కోపమా?"

"శానా" అంది సూర్యకళ. "నువ్వు దాచినందుకు. నాకు ఒక్క సంగతి తెలియాల. ముందు సెప్పిందంతా అబద్ధం. ఆకర్న సెప్పింది నిజం. మరి మద్దిన ఒకటి సెప్పావు?"

"అదీ నిజమే."

ఆమె చాలాసేపు చూసింది. ఈసారి రెప్పలు వాలిపోయాయి.

"ముందుది కొట్టేద్దాం" అంది. "మద్దినది మాత్రం రికార్డులో ఉండనీ. నాకు అక్కర్లేదని నాను ఎక్కడా అన్లేదు."

సాయిశంకర్‌కి ఆ వాక్యం అర్థం కావడానికి రెండు అలలు పట్టింది. కాబోయే లాయర్ కదా. అర్థమయ్యాక ఏం చెయ్యాలో తెలీక, "ముంబైలో హాస్టల్ ఫీజు..." అని మొదలెట్టాడు. ఆమె అతని నోటి మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి చాలాసేపు తియ్యలేదు.

ఇంటికెళ్ళి తండ్రితో చెప్పాడు. "ఇక్కడే చేరతాను నాన్నా. ఏ ఆఫీసుకెల్లాలో తెలీక తిరిగేవాళ్ళుంటారు కదా, వాళ్ళకి దారి చెప్పే లాయరవుతాను. నాకు వచ్చింది సలహా చెప్పడమొక్కటే." తవిటయ్య లేసు ముడి ఆపి కొడుకుని ఎగాదిగా చూశాడు. "ఇప్పుడు అర్దమైంది" అన్నాడు.

సూర్యకళ ముంబై వెళ్ళిన తర్వాత మొదటి ఆదివారం. వల లాగి లాగి సాయిశంకర్ అరచేతులు బొబ్బలెక్కాయి. తాడు పట్టుకున్న తీరు చూసి పిల్లల దగ్గర్నుంచి కాశమ్మ దాకా అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. వల ఒడ్డు చేరాక అందరితో పాటు అతనికీ చేపల్లో ఓ వంతు పెట్టారు. చిట్టెమ్మ పసుపు, నూనె తెచ్చి అతని చేతులకి రాస్తుంటే ఆమె ఫోన్ మోగింది.

"అమ్మా, వచ్చాడా?" అవతల సూర్యకళ గొంతు అతనిదాకా వినిపించింది.

"వచ్చేడే" అంది చిట్టెమ్మ, ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, అతని అరచెయ్యి వదలకుండా. "తాడు పట్టుకోడం రాదు బాబుకి. వదలడం కూడా రాదు."